ఎనిమిది సెకన్ల అపశ్రుతి

1962లో బిల్ ఫ్రాన్సెన్ అనే అమెరికన్ సేల్స్‌మన్ రెండు కీబోర్డు వాయిద్యాలను వెంటబెట్టుకుని ఇంగ్లండులో దిగాడు. అతను వెతుకుతున్నది ఒకే ఒక్క సరుకు: అచ్చం ఒకే తీరున పనిచేసే డెబ్బై టేప్ హెడ్లు. టేపు మీద రికార్డయిన శబ్దాన్ని చదివే భాగమే హెడ్. ఆరా తీస్తూ తీస్తూ బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్‌మాటిక్ అనే చిన్న కంపెనీ దగ్గర తేలాడు. ఫ్రాంక్, నార్మన్, లెస్లీ బ్రాడ్లీ అనే ముగ్గురు అన్నదమ్ములది ఆ కంపెనీ. ఒకటీ రెండూ కాదు, ఒకేసారి డెబ్బై హెడ్లంటే ఎవరికైనా ఆసక్తి పుడుతుంది. వాయిద్యాన్ని చూశాక బ్రాడ్లీ సోదరులు హెడ్లతో ఆగలేదు, దీన్నే ఇంతకంటే బాగా చేయగలం అన్నారు. ఆ వాయిద్యం అసలు ఎవరిదన్న సంగతి మాత్రం ఫ్రాన్సెన్ వాళ్లకు చెప్పలేదు.

అసలు యజమాని కాలిఫోర్నియాలో ఉన్న హ్యారీ చాంబర్లిన్. ఆర్గాన్ వాయిస్తూ తన వాయిద్యాన్ని తానే టేపులో ఎక్కించుకుంటున్న రోజుల్లో అతనికి ఓ ఆలోచన తట్టిందంటారు: రికార్డయిన స్వరాన్ని మళ్లీ వినిపించే పని యంత్రం చేస్తున్నప్పుడు, ఒక్కో మెట్టు కింద ఒక్కో స్వరం రికార్డు చేసిన టేపు పెడితే? వయొలిన్ పట్టుకోవడం కూడా రాని మనిషి ఇంట్లో కూర్చుని వయొలిన్ వినిపించవచ్చు. అమెరికా టీవీలో పేరున్న లారెన్స్ వెల్క్ బృందంలోని వాద్యకారులను పిలిచి, ఒక్కొక్కరి చేత ఒక్కొక్క స్వరం వాయింపజేసి చాంబర్లిన్ టేపులు తయారు చేశాడు. ఫ్రాన్సెన్ తీసుకుపోయినవి ఆ యంత్రాలే. తరువాత చాంబర్లిన్‌కు సంగతి తెలిసి గొడవయింది. చివరకు డబ్బు ముట్టజెప్పి రాజీ చేసుకున్నారు. అప్పటికే బర్మింగ్‌హామ్‌లో దానికి కొత్త పేరు పెట్టేశారు: మెలోట్రాన్.

ఈ వాయిద్యం గురించి మాట్లాడేవాళ్లు రెండు మాటలు తప్పకుండా అంటారు. ఒకటి, దాని నాదం మరెక్కడా దొరకదని. రెండు, అది శ్రుతిలో ఉండదని. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న సంబంధం ఏమిటన్నదే గత ముప్పై ఏళ్లుగా నడుస్తున్న వాదం. మెలోట్రాన్ టేపులు కంప్యూటర్లోకి ఎక్కాయి, శ్రుతిని వెంట్రుక వాసి తేడా లేకుండా దిద్దే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. మరి దిద్దాలా, వదిలేయాలా?

ముందు యంత్రం కథ తెలియాలి. మామూలు టేప్ రికార్డరులో రెండు చక్రాల మధ్య టేపు తిరుగుతుంది. మెలోట్రాన్‌లో ప్రతి మెట్టు కిందా విడిగా ఒక టేపు ముక్క ఉంటుంది. లోపల ఒక పొడవాటి ఇనుప కడ్డీ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. మెట్టు నొక్కితే ఒక రబ్బరు చక్రం టేపును ఆ కడ్డీకి అదిమిపెడుతుంది, ఒక మెత్తటి దిండు దాన్ని హెడ్‌కు ఆనిస్తుంది. టేపు కదులుతుంది, స్వరం పలుకుతుంది. వేలు తీయగానే స్ప్రింగు టేపును వెనక్కి లాగేస్తుంది. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో సుమారు ఎనిమిది సెకన్లు. అంతే. ఎనిమిది సెకన్లు దాటాక మెట్టు మీద ఎంత సేపు కూర్చున్నా లాభం లేదు, టేపు అయిపోయింది.

ఆ పరిమితి వెనక ఓ మంచి కారణం ఉంది. టేపును గుండ్రంగా అతికించి తిప్పితే స్వరం ఎంతసేపైనా వస్తుంది, కానీ కమాను తీగను తాకిన తొలి క్షణం, వేణువులోకి ఊపిరి చేరిన తొలి క్షణం ఎక్కడో మధ్యలో పడి పోతాయి. ముక్క టేపులో ప్రతి స్వరం మొదటి నుంచే మొదలవుతుంది. మనిషి వాయించాడన్న ఆనవాలు ఉండేది ఆ మొదట్లోనే.

బ్రిటిష్ యంత్రానికి టేపులు కొత్తగా రికార్డు చేశారు. మెలోట్రానిక్స్ అనే అమ్మకాల కంపెనీలో బ్యాండ్ నాయకుడు ఎరిక్ రాబిన్సన్, టీవీలో పేరున్న ఇంద్రజాలికుడు డేవిడ్ నిక్సన్ భాగస్వాములు. లండన్ పోర్ట్‌లాండ్ ప్లేస్‌లో ఉన్న ఐబీసీ స్టూడియోలో రాబిన్సన్ పలుకుబడితో పని సాగింది. 1963లో మార్క్ వన్, మరుసటి ఏడాది మార్క్ టూ వచ్చాయి. మార్క్ టూలో పక్కపక్కనే రెండు కీబోర్డులు, ఒక్కోదానికి 35 మెట్లు. ఒక్కో టేపు మీద మూడు వరసలు, టేపును ముందుకూ వెనక్కూ నడిపి ఆగే మజిలీలు ఆరు. లెక్క వేస్తే 1,260 రికార్డింగులు ఒక్క పెట్టెలో. కుడి చేతికి రాగం పలికించే వాయిద్యాలు, ఎడమ చేతికి తాళాలూ తోడు సంగీతమూ. ఇళ్లలో సాయంత్రాలు కాలక్షేపానికి కొంటారని అమ్మిన సరుకు ఇది. తమ పొట్ట కొట్టే యంత్రం వచ్చిందని బ్రిటన్‌లో సంగీతకారుల యూనియన్ అభ్యంతరం చెప్పింది.

ఆ 1,260 రికార్డింగుల్లో ఒక్కొక్కటీ మనుషులు ఒకసారి వాయించినది. ముగ్గురు వయొలిన్ వాళ్లను కూర్చోబెట్టి ఒక స్వరం పట్టమంటే ముగ్గురూ ఇంచుమించు అదే స్వరం పడతారు. ఈ ‘ఇంచుమించు’లోనే అంతా ఉంది. ఒకరి తీగ 440 సార్లు కంపిస్తూ పక్కవాడిది 442 సార్లు కంపిస్తే సెకనుకు రెండుసార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. ముగ్గురూ కలిస్తే ఆ ఉబ్బు నిలకడగా ఉండదు, నీటి మీద వెలుగులా కదులుతుంది. తరువాతి మెట్టు టేపులో అదే ముగ్గురు, కానీ వేరే క్షణం. అక్కడ ఒకరు కాస్త పైకి పోయి ఉండవచ్చు, మరొకరు స్వరాన్ని కింద నుంచి అందుకుని ఉండవచ్చు. పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కితే, ఎన్నడూ ఒకేసారి వాయించని రెండు క్షణాలు ఒకదానితో ఒకటి తగువుపడతాయి.

హార్మోనియంలో ఒక రీడు శ్రుతి తప్పితే పెట్టె విప్పి, రీడును గీకి సరిచేస్తారు. పియానోలో ఒక తీగ జారితే బిగిస్తారు. మెలోట్రాన్‌లో ఆ సౌకర్యమే లేదు. బయట ఒక పిచ్ గుండీ ఉంటుంది, అది మోటారు వేగాన్ని మార్చి అన్ని స్వరాలనూ కలిపి పైకో కిందికో జరుపుతుంది. ఒక్క స్వరం మాత్రమే తేడాగా ఉంటే మార్గం లేదు, కొత్త టేపు వేయించుకోవాల్సిందే. కొత్త టేపు కూడా అదే మూల టేపు (మాస్టర్) నుంచి తీసిన కాపీ కదా, వయొలిన్ వాళ్ల పొరపాటు అందులోనూ అక్కడే ఉంటుంది.

దీనికి యంత్రం తన వంతు కలిపింది. 1970లో వచ్చిన ఎం400 చిన్నది, వేదికల మీదికి మోసుకుపోగలిగేది, ఒకే కీబోర్డు, 35 మెట్లు. పద్దెనిమిది వందలకు పైగా అమ్ముడైన మోడల్ అది. టేపులన్నిటినీ తిప్పేది ఒక్క మోటారు. రెండు వేళ్లతో నొక్కితే పరవాలేదు. రెండు చేతులూ ఆనించి పెద్ద తీగల గుత్తి (ఒకేసారి మోగే స్వరాల కూర్పు, అంటే కార్డ్) పలికించబోతే అన్ని రబ్బరు చక్రాలూ ఒకేసారి కడ్డీని పట్టుకుని దాని వేగాన్ని లాగేస్తాయి, శ్రుతి కిందికి జారుతుంది. టేపు వేగంలో నూటికి ఒక వంతు తేడా వచ్చినా శ్రుతి పదిహేడు సెంట్లు మారుతుంది (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తారు). నూటికి ఆరు వంతులంటే పూర్తిగా ఒక స్వరస్థానం. మోటారు వేగాన్ని అదుపులో ఉంచడానికి ఎం400లో పెట్టిన తొలి సర్క్యూటు బోర్డు మీద వాయించేవాళ్లకు మంచి అభిప్రాయం ఉండేది కాదు. మెలోట్రాన్‌ను శ్రుతి చేయడమన్నది జరిగే పని కాదని కింగ్ క్రిమ్‌సన్ బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ పేరు మీద ఒక ఛలోక్తి ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది.

అయినా వాయించారు. స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ అని పేరు మార్చుకున్న బ్రాడ్లీల కర్మాగారంలోనే మెలోట్రాన్లను పరీక్షించే ఉద్యోగం చేసిన మైక్ పిండర్, ఆ తరువాత మూడీ బ్లూస్ బృందంలో దాన్ని మోగించాడు. దాని రోగాలన్నీ తెలిసిన మనిషి కాబట్టి ఎక్కడ విప్పి ఎక్కడ బిగించాలో అతనికి తెలుసు. బీటిల్స్‌కు ఈ వాయిద్యం సంగతి చెప్పినవాళ్లలో అతనూ ఒకడు.

బీటిల్స్ పాట ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ దగ్గర కాస్త ఆగాలి. శ్రుతి గురించిన ఈ చర్చలో అంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు. పాట మొదట్లో వినిపించే వేణువు మెలోట్రాన్‌ది, పాల్ మెకార్ట్నీ వాయించాడు. 1966 నవంబరు 24న రికార్డింగు మొదలైంది. కొన్నాళ్లకు పాటకు రెండు రూపాలు తేలాయి: నెమ్మదిగా సాగేది ఒకటి, ట్రంపెట్లూ చెల్లోలూ చేర్చి వేగంగా నడిపినది ఇంకొకటి. మొదటిదాని ఆరంభమూ కావాలి, రెండోదాని మిగతా భాగమూ కావాలి అన్నాడు జాన్ లెనన్. రెండింటి వేగాలు వేరు, శ్రుతులూ వేరు. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒకదాన్ని కాస్త వేగం పెంచి, మరొకదాన్ని తగ్గించి, డిసెంబరు 22న రెండు టేపులనూ అతికించారు. అతుకు పాట మొదలైన నిమిషం దగ్గర పడుతుంది. అలా బయటికొచ్చిన పాట ఏ స్వరస్థానం మీదా నిలవదు, పియానో మీద రెండు మెట్ల మధ్య సందులో ఉంటుంది. దానితో పాటు పియానో వాయించబోయినవాడికి ఏ శ్రుతి పెట్టాలో తోచదు.

ఇప్పుడు ఎవరైనా దాన్ని సరైన స్వరస్థానం మీదికి జరిపితే? సాంకేతికంగా క్షణంలో పని. కానీ ఆ పాట ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతి దాన్ని చేసినవాళ్లకు తెలుసు, విన్నారు, ఒప్పుకున్నారు, విడుదల చేశారు. లెనన్ గొంతులోని ఆ మత్తు, కలలో నడుస్తున్నట్టుండే తీరు, టేపు వేగం మార్చడం వల్ల కూడా వచ్చాయి. అక్కడ దిద్దడమంటే పాటను మార్చడమే.

దీని పక్కన ఇంకో రికార్డును పెట్టి చూడాలి. 1959 మార్చి 2న న్యూయార్కులో కొలంబియా కంపెనీ స్టూడియోలో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌కు తొలి విడత రికార్డింగు జరిగింది. పియానో దగ్గర విన్‌టన్ కెల్లీ, బిల్ ఎవాన్స్. ఆ రోజు నడిచిన రెండు టేపు యంత్రాల్లో ఒకటి కొంచెం నెమ్మదిగా తిరుగుతోంది. నెమ్మదిగా తిరిగే యంత్రం మీద రికార్డయినదాన్ని సరైన వేగంలో వినిపిస్తే శ్రుతి పెరుగుతుంది. ఎల్పీకి వాడింది ఆ తప్పుడు టేపునే. ఆల్బమ్ తొలి పార్శ్వంలోని మూడు పాటలూ అలా కాస్త హెచ్చు శ్రుతిలో దశాబ్దాల పాటు అమ్ముడుపోయాయి. రికార్డుతో పాటు ట్రంపెట్ సాధన చేసిన కుర్రాళ్లు తమ వాయిద్యాన్నే అనుమానించుకుని సర్దుకుంటూ వచ్చారు. రెండో యంత్రం మీది టేపు సరైన వేగంలో ఉన్నట్టు 1990లలో గుర్తించి, దాని నుంచి కొత్త ప్రతులు తీశారు. ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు. చేయకూడదు కూడా. మైల్స్ డేవిస్ ఆ హెచ్చు శ్రుతిని వాయించలేదు, ఆ గదిలో అది ఎవరి చెవినా పడలేదు. తప్పు వాళ్ల వీపు వెనక జరిగింది.

గీత గీయాల్సింది ఇక్కడే. లోపం ఎంత పెద్దది, చెవికి ఎంత ఇబ్బందిగా ఉంది అన్న కొలతలు ఉపయోగపడవు. వాయించిన మనిషి ఆ లోపాన్ని విన్నాడా లేదా అన్నది అడగాలి. విని, దాన్ని లెక్కలోకి తీసుకుని సంగీతం కట్టి ఉంటే ఆ లోపం సంగీతంలో భాగం. అతనికి తెలియకుండా తరువాత చేరి ఉంటే అది మురికి, కడిగేయవచ్చు.

ఇది ఉత్త సిద్ధాంతం కాదనడానికి జెనెసిస్ బృందం సాక్ష్యం. 1972లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘ఫాక్స్‌ట్రాట్’లో మొదటి పాట ‘వాచర్ ఆఫ్ ద స్కైస్’. అది మొదలయ్యేదే మెలోట్రాన్ మీద మోగే సుదీర్ఘమైన, బరువైన తీగల గుత్తులతో. టోనీ బ్యాంక్స్ వాయించిన ఆ మార్క్ టూ యంత్రాన్ని కింగ్ క్రిమ్‌సన్ దగ్గర కొన్నారు. ఆ యంత్రం మీద కొన్ని గుత్తులు భరించలేనంత అపశ్రుతిగా ఉండేవని, రెండు మాత్రం అద్భుతంగా పలికాయని, వాటి మీదే ఆ ఆరంభాన్ని కట్టానని బ్యాంక్స్ తరువాత చెప్పాడు. అంటే ఏ స్వరాలు పలకాలో ఆ యంత్రం లోపాలే వడపోశాయి. ఇవాళ శ్రుతి పక్కాగా దిద్దిన మెలోట్రాన్ నమూనాలతో కంప్యూటర్ ముందు కూర్చున్న సంగీత దర్శకుడికి అన్ని గుత్తులూ సమానంగా పలుకుతాయి. ఏది వదిలేయాలో అతనికి యంత్రం చెప్పదు.

ఎనిమిది సెకన్ల హద్దూ అంతే. గుత్తిని ఎక్కువసేపు నిలపాలంటే వేళ్లను సాలీడు కాళ్లలా ఒకదాని తరువాత ఒకటి ఎత్తి మళ్లీ ఆనించాలి, ఒక టేపు వెనక్కి పోతుంటే ఇంకోటి ముందుకు సాగుతుండాలి. లేదా ఎనిమిది సెకన్ల లోపే స్వరం మార్చేయాలి. అప్పటి ప్రోగ్రెసివ్ రాక్ పాటల్లో మెలోట్రాన్ తీగలు ఊపిరి తీసుకుంటున్నట్టు మారుతూ ఉండడం రచయితల రుచి మాత్రమే అనుకుంటే పొరపాటు. 1969లో కింగ్ క్రిమ్‌సన్ తొలి ఆల్బమ్‌లో ఇయాన్ మెక్‌డొనాల్డ్ వాయించిన తీగల్ని శ్రద్ధగా వింటే టేపు పొడవు వినిపిస్తుంది.

1980లలో డిజిటల్ శాంప్లర్లు వచ్చి మెలోట్రాన్‌ను అటకెక్కించాయి. స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ 1986లో మూతపడింది. చవకగా, తేలికగా, శ్రుతిలో ఉండే యంత్రం చేతికొచ్చాక మోటారు రోగాలతో ఎవరు వేగుతారు? పదేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 1997లో రేడియోహెడ్ బృందం ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్‌లో మెలోట్రాన్ గాత్ర బృందాన్ని వాడుకుంది. పాత యంత్రాలకు ధర లేచింది, దొరకనివాళ్ల కోసం వాటి టేపులను కంప్యూటర్లోకి ఎక్కించి అమ్మడం మొదలైంది. 2000 ప్రాంతంలో జీఫోర్స్ కంపెనీ ఎం-ట్రాన్ వచ్చింది. 2010లో మెలోట్రాన్ పేరుతోనే ఎం4000డీ అనే డిజిటల్ కీబోర్డు వచ్చింది. మాస్టర్ టేపుల నుంచే నేరుగా ఎక్కించామన్నది దాని గొప్ప.

ఇలా ఎక్కించేవాడికి మెట్టు మెట్టుకూ ఒక నిర్ణయం ఎదురవుతుంది. ఒక స్వరం ఆద్యంతం ఒకే మోతాదులో, పదిహేను సెంట్లు తక్కువగా ఉందనుకుందాం. మొత్తాన్ని కాస్త పైకి జరపడం సులువు, నాదం స్వభావం చెడదు. అసలు చిక్కు స్వరం లోపల కదిలే శ్రుతితోనే. వేణువు వాడు కింద నుంచి మొదలుపెట్టి, మూడో వంతు సెకనులో స్వరాన్ని చేరుకుని, చివర్లో ఊపిరి తగ్గి మళ్లీ కొంచెం జారాడు. సాఫ్ట్‌వేర్ ఆ వంపునంతా గీతలా సాపు చేయగలదు. 2009 తరువాత మెలోడైన్ లాంటి ప్రోగ్రాములు గుత్తి లోపలి ఒక్కో స్వరాన్ని విడదీసి మరీ దిద్దుతున్నాయి. అంత పనీ చేశాక మిగిలేది వేణువు రంగు పూసుకున్న సింథసైజర్. చాంబర్లిన్ నుంచి బ్రాడ్లీల దాకా టేపులతో కుస్తీ పడింది దాన్ని తప్పించుకోవడానికే.

అయితే ‘అసలుది’ అంటే ఏది అన్న ప్రశ్న కూడా తేలిక కాదు. స్టూడియోలో తీసిన మాస్టర్ టేపు ఒకటి. దాని కాపీ యంత్రంలో పెట్టేది. పదేళ్లు వేదికల మీద సాగి, దుమ్ము పట్టి, అంచులు నలిగిన టేపు ఇంకోటి. జనం రికార్డుల్లో విన్నది చాలాసార్లు ఈ మూడో రకాన్నే, అదీ ఊగే మోటారు మీద. మాస్టర్ నుంచి శుభ్రంగా ఎక్కించిన స్వరాలు విని, “ఇది మెలోట్రాన్‌లా లేదే” అని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే కొన్ని డిజిటల్ మెలోట్రాన్లలో మోటారు ఊగిసలాటను కృత్రిమంగా కలిపే గుండీ కూడా పెట్టారు. ముందు తప్పును తీసేసి, తరువాత ఇంత చొప్పున కొలిచి వడ్డించడం చూస్తే నవ్వొస్తుంది.

ఈ శ్రుతి తగువు మన దేశానికీ పాతదే. 1940 మార్చి నుంచి ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. పాశ్చాత్య పద్ధతిలో సమానంగా పంచిన స్వరస్థానాలు మన రాగాలకు నప్పవని, గమకం పలకదని వాదన. ఆ నిషేధం 1971లో గానీ సడలలేదు. ఆ మూడు దశాబ్దాలూ తెలుగు పద్యనాటకం హార్మోనియం పెట్టెనూ హార్మోనిస్టునూ వదల్లేదు. రేడియో కాదన్న శ్రుతిలోనే ఊళ్లలో తెల్లవార్లూ పద్యాలు పలికాయి.

పాత నాటక పద్యాల గ్రామఫోను ప్లేట్లను డిజిటల్ చేసేవాళ్లకు ఆ హార్మోనియమే ఇప్పుడు కొలబద్ద. 78 ప్లేట్లు అని పిలుస్తామే గానీ, తొలినాళ్లలో అన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల దగ్గర రికార్డు కాలేదు. 74 దగ్గర రికార్డయినదాన్ని 78లో తిప్పితే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. నాలుగు శ్రుతిలో పాడిన నటుడు నాలుగున్నరకు ఎగబాకినట్టు, గొంతు సన్నబడినట్టు వినిపిస్తుంది. అది అతను పాడింది కాదు, కాబట్టి వేగాన్ని దిద్దాలి. గొంతు భావాన్ని బట్టి కదులుతుంది, రీడు కదలదు, అందుకని పెట్టె శ్రుతిని బట్టే వేగాన్ని అంచనా కట్టవచ్చు. కానీ పెట్టెలోని ఏదో ఒక రీడు మిగతావాటితో పొసగకపోతే దాని జోలికి పోకూడదు. ఆ రీడును వింటూనే, దానితో సర్దుకుంటూనే నటుడు రాగం తీశాడు. రీడును దిద్దితే ఒంటరిగా మిగిలిపోయిన గొంతే శ్రుతి తప్పినట్టు తోస్తుంది.

యంత్రం తప్పును మాత్రమే ఏరి తీసే పనిముట్లు లేకపోలేదు. టేపు మీద రికార్డు చేసేటప్పుడు చెవికి అందని అతి హెచ్చు పౌనఃపున్యం గల సంకేతాన్ని కలుపుతారు, దాని జాడ టేపు మీద ఎంతో కొంత మిగులుతుంది. సంగీతం ఎలా ఊగినా ఆ సంకేతం నిలకడగా ఉండాలి కాబట్టి, అది ఊగిందంటే ఊగింది యంత్రమే. దాన్ని పట్టుకుని టేపు వేగాన్ని క్షణక్షణానికీ సరిచేసే పద్ధతిని ప్లాంజెంట్ ప్రాసెసెస్ పేరుతో జేమీ హోవర్త్ అభివృద్ధి చేశాడు. 1949లో సన్నని ఉక్కు తీగ మీద రికార్డయిన వుడీ గథ్రీ కచేరీని బాగు చేసిన బృందంలో హోవర్త్ కూడా ఉన్నాడు. ఆ ఆల్బమ్‌కు 2008లో గ్రామీ దక్కింది. వాయించినవాడు తీగను సాగదీస్తే ఈ పద్ధతి దాన్ని తాకదు, మోటారు సాగదీస్తే వదలదు. సంగీతాన్ని బట్టి శ్రుతిని ఊహించి దిద్దే సాఫ్ట్‌వేర్‌కు ఈ విచక్షణ లేదు. దానికి గమకమూ ఒక ఊగిసలాటే.

ధ్వని భాండాగారాల వాళ్లు తమ వరకు పద్ధతి తేల్చుకున్నారు. వినిపించే యంత్రాన్ని సరైన వేగంలో పెట్టి, ఉన్నది ఉన్నట్టుగా ఒక ప్రతి తీసి భద్రపరుస్తారు. దిద్దుబాట్లు ఏవైనా విడిగా ఇంకో ప్రతి మీదే. ఇవాళ పొరపాటు అనిపించినదానికి ఇరవై ఏళ్ల తరువాత వేరే అర్థం తెలిస్తే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. వాయిద్యం అమ్మే కంపెనీకి ఈ సౌకర్యం తక్కువ, కొనేవాడికి ఒకటే పెట్టె ఇవ్వాలి.

లెస్లీ బ్రాడ్లీ కొడుకు జాన్, అతని మిత్రుడు మార్టిన్ స్మిత్ కలిసి స్ట్రీట్లీ పేరును మళ్లీ నిలబెట్టారు. 2007లో వాళ్లు ఎం4000 అనే కొత్త మెలోట్రాన్ తెచ్చారు, అచ్చంగా టేపుల మీదే నడిచేది. లోపలి మోటారుకు, దాన్ని నడిపే సర్క్యూటుకు పాత జబ్బులు లేవు. పది వేళ్లు ఆనించినా కడ్డీ వేగం తగ్గకూడదన్నట్టే తయారు చేశారు. టేపుల మీద ఎక్కించేది మాత్రం ఐబీసీ రోజుల నుంచి వస్తున్న ఆ రికార్డింగులనే. మోటారు ఊగడం మానేశాక, ఇన్నాళ్లూ దాని చాటున ఉన్న ముగ్గురు వయొలిన్ వాళ్ల ఆ కొద్దిపాటి తేడా ఏ మెట్టు మీద ఎంతో ఇప్పుడు విడిగా వినిపిస్తుంది.